మా మేడ మీది రావిచెట్టు

పిట్టగోడ పగుల్లోనో, నీళ్లగొట్టం పక్కనో రావిమొక్క మొలవని ఇల్లు మన ఊళ్లలో ఉంటుందా చెప్పండి? కాకో గోరింకో రావిపండు తిని రెట్ట వేస్తుంది. ఆ గింజకు పొలం అక్కర్లేదు, సందులో ఇంత దుమ్ము, నాలుగు చినుకులు చాలు. రెండాకులు వేసినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. పీకుదామంటే దేవుడి చెట్టాయె, చేతులు రావు. వదిలేస్తే గోడ పోతుంది. అందుకని మనం చూడనట్టు ఊరుకుని, సున్నం వేయడానికి వచ్చినవాడి చేత పీకించేస్తాం. పాపం వాడికి, గోడ మనకు! మా ఇంట్లోనూ అంతే జరిగేది, అబద్ధం ఎందుకు?

అలాంటి గోడరావిని ఒకదాన్ని నేను పదేళ్లకు పైగా సూర్యాపేటలో మా మేడ మీద మూకుడులో పెంచుతున్నాను. బోన్సాయ్ అంటారే, అది. దాన్ని ఒకసారి చంపినంత పని చేశాను. ఆ సంగతే మీతో చెప్పుకుందామని.

మా పుట్టిల్లు కోదాడ. నాన్న పోయాక అన్నలు పంచుకుని, 2014 ఎండాకాలంలో పాత ఇల్లు పడగొట్టించారు. ఆఖరుసారి చూసి వద్దామని వెళ్లాను. వంటింటి గోడను మేస్త్రీ గడ్డపారతో పెకలిస్తున్నాడు. ఆ గోడలో బొటనవేలంత లావు రావిమొక్క ఉంది. అది సగం ఇటుకతో సహా ఊడివచ్చింది. వేళ్లు రిబ్బన్లలా చదునుగా ఉన్నాయి, ఇటుకల సందున పెరిగి పెరిగి అలా అయ్యాయన్నమాట. ఇటుకను మాత్రం గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. పక్కన పారేయబోతుంటే, "ఆగు మేస్త్రీ, అది నాకియ్యి" అన్నాను. అందరూ నవ్వారు. "ఇంట్ల నుంచి ఇదేనా చెల్లె నువ్ కొంటవోయేది?" అన్నాడు పెద్దన్న. తడిపిన గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఆకులన్నీ తుంచేసి, ఇటుకతో పాటే పాత బకెట్‌లో పాతి, మెట్ల కింద నీడన పెట్టాను. మృగశిర కార్తె దాటాక ఎర్రటి మొగ్గ ఒకటి విచ్చుకుంది. ఇక దాని మీద నాకు పడిన మమకారం చెప్పను.

బోన్సాయ్ ఆలోచన పక్కింటి వదినది. వాళ్లు మైసూరు దత్తపీఠం వెళ్లినప్పుడు అక్కడి కిష్కింధ మూలికా బోన్సాయ్ తోట చూసి వచ్చారు. "వామన వృక్షాలు వదినా, మోకాలెత్తు మర్రి ఉంది తెలుసా!" అని ఆశ్చర్యంగా చెప్పింది. పేరు జపాన్ వాళ్లదే కానీ (పళ్లెంలో నాటినది అని అర్థమట) ఈ విద్య మొదలైంది చైనాలో. రకరకాల విదేశీ మొక్కల్ని వేలు పోసి కొంటారు గానీ మన రావి, జువ్వి, మర్రి దీనికి చక్కగా లొంగుతాయి. ఊరికే దొరుకుతాయి కూడా.

మా అత్తమ్మకు నచ్చలేదు. "గుడి కాడ ఉండాల్సిన చెట్టు. ఇంట్ల పెట్టుడే తప్పు, మళ్ల దాన్ని పొట్టిగ జేస్తవా?" అంది. ఆవిడ మాటకు తోడు, నేను ఎప్పుడో చదివిన అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథ ఒకటి మనసులో గుచ్చుకుంటూ ఉండేది. ఆడదాని బతుకునూ బోన్సాయ్ చెట్టునూ పక్కపక్కన పెట్టి చూపించారు కదా ఆవిడ. మీలోనూ చాలామంది చదివే ఉంటారు. కత్తెర తీసుకుని మేడ ఎక్కడం, ఆ కథ గుర్తొచ్చి దిగిరావడం. ఇలా ఎన్నిసార్లో!

చివరికి 2016లో తెగించి మూకుడులోకి మార్చాను. కుమ్మరాయనతో చెప్పి అడుగున్నర వెడల్పు, నాలుగంగుళాల లోతున, అడుగున 3 చిల్లులతో చేయించాను. రెండు తప్పులు చేశాను అప్పుడు. మా చెల్లెలిది మిర్యాలగూడ. అక్కడ రైస్‌మిల్లులకు లెక్కలేదు, బాయిలర్లలో ఊక తగలేస్తారు. చెట్లకు బూడిద మంచిదే కదా అని సంచీడు తెప్పించి మట్టిలో సగం కలిపేశాను. నల్లగా కాలిన ఊక వేరు, తెల్లగా మెత్తగా అయిన బూడిద వేరు అని నాకేం తెలుసు? నల్ల ఊక మట్టిని గుల్లగా ఉంచుతుంది. తెల్లబూడిద తడిసి సందులన్నీ పూడ్చేస్తుంది. రెండో తప్పు, వేళ్లకు కత్తెర పెట్టకపోవడం. పాపం అనిపించి, ఉన్నవాటిని ఉన్నట్టే చుట్టచుట్టి మూకుడులో కుక్కాను. ఆ తర్వాత అయిదేళ్లు మళ్లీ కదిలించలేదు. కొమ్మలూ కొయ్యలేదు.

రావి ఆకు రాల్చే చెట్టు కదా. మా వైపు శివరాత్రి అటూఇటూ పసుపు తిరిగి రాలిపోతుంది, ఉగాదికి రాగిరంగు చిగురు వేస్తుంది. ఏడాదిలో నేను ఎదురుచూసేది ఆ నాలుగు వారాల కోసమే. 2021 ఉగాదికి చిగురు రెండు కొమ్మలకే వచ్చింది. వచ్చిన ఆకులు రూపాయి బిళ్లంత. మిగతా కొమ్మల చివర్లు గీరితే పచ్చదనం లేదు. నీళ్లు పోస్తే పైన నిలబడి, అంచు పక్కనుంచి జారిపోయేవి. చెట్టే మూకుడులోంచి రెండు వేళ్ల ఎత్తు పైకి లేచింది, అడుగున వేళ్లు పేరుకుని తోస్తున్నాయి. బోరునీళ్ల ఉప్పు అంచున తెల్లగా పొరకట్టింది. నల్గొండ జిల్లా నీళ్ల సంగతి మీకు చెప్పాలా!

రోజూ దాని దగ్గర కూర్చుని దిగులుపడేదాన్ని. మోకాళ్ల నొప్పులున్నా అత్తమ్మ ఒకనాడు మెట్లెక్కి వచ్చింది. మూకుడు అంచున వేలు పెట్టి చూసింది.

"వేళ్లు ఎన్నడన్న కోసినవా?"

"లేదత్తమ్మా, జాలేసింది."

"జాలి పడి పడి సంపుతున్నవ్ బిడ్డా."

ఆవిడ పుట్టింటివాళ్లకు బత్తాయి తోట ఉండేది. "మా నాయిన తోటను నెలరోజులు బెట్టకు ఇడిశేటోడు. ఆకు వాడి రాలుతుంటె నేను ఏడ్శేదాన్ని. మళ్ల నీళ్లు ఇడిస్తే సూడు, తోటంత పూత! అది తెల్వనోడు రోజూ నీళ్లు పెడితె ఆకే ఉంటది, కాయ ఉండది. దీని కాలం దీనికి ఉంటది. ఆ కాలం జూసి కొయ్యి, ఏం గాదు."

దేవుడి చెట్టును కోస్తే తప్పు అన్న మనిషేనా ఈవిడ అనుకున్నాను. తర్వాత నేనూ నాకు తెలిసిన సంగతి ఒకటి ఆవిడకు చెప్పాను. మన సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్ట ఉంది కదా, పాత బౌద్ధ క్షేత్రం. బుద్ధుడికి జ్ఞానం కలిగింది రావిచెట్టు కిందేనంటారు. గయలో ఉన్న ఆ చెట్టు కొమ్మనే అశోకుడి కూతురు సంఘమిత్ర సముద్రం దాటించి సింహళానికి తీసుకుపోయిందని చెబుతారు. అనురాధపురంలో 2,200 ఏళ్లకు పైగా బతికి ఉంది ఆ చెట్టు. గయలో పాత చెట్టు 1876లో గాలివానకు కూలిపోయింది కూడా. "కొమ్మ కొయ్యకపోతె ఎట్ల పోయేది మరి?" అంది అత్తమ్మ, ఇదేమంత వింత అన్నట్టు.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. లాక్‌డౌన్ రోజులు, నర్సరీలన్నీ బంద్. ఇంట్లో ఉన్నవాటితోనే పని కానిచ్చాను. మీరూ చేయాలనుకుంటే పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను.

ముందురోజు నీళ్లు ఆపాను. మూకుడు అంచు చుట్టూ కత్తి తిప్పి చెట్టును ఎత్తాను. వేళ్లు కొబ్బరిపీచులా ముద్దకట్టి, మూకుడు ఆకారంలోనే బయటికొచ్చాయి. పాత ఫోర్కు చెంచాతో, జడ చిక్కు తీసినట్టు, బయటి నుంచి లోపలికి మెల్లగా విడదీశాను. గంటన్నర పట్టింది. మధ్యమధ్య నీళ్లు చిలకరించాలి, పీచువేర్లు ఆరిపోకూడదు. కింద నల్లబడి మురుగువాసన వస్తున్నవి అన్నీ తీసేశాను. చుట్టలు తిరిగిన లావు వేళ్లను కత్తిరించాను. తెల్లటి పీచువేర్లను ముట్టుకోలేదు, చెట్టు తాగేది వాటితోనే. మొత్తం మీద మూడో వంతు పోయింది. అంతకు మించి కొయ్యకండి. కత్తెరను ముందు డెట్టాల్‌తో తుడిచాను.

కోసిన ప్రతిచోటా పాలు కారాయి. అది చూసి నా చేతులు వణికిన మాట నిజం. నీళ్లు చల్లితే కాసేపటికి ఆగిపోతాయి. పెద్ద గాట్లకు పసుపు అద్దాను. ఆ పాలు చీర మీద పడితే మరక పోదు, కొందరికి చేతులు దురదపెడతాయి, పాతబట్టలు కట్టుకుని కూర్చోండి.

మట్టి ఈసారి బుద్ధిగా కలిపాను. జల్లించి కడిగిన దొడ్డు ఇసుక 2 పాళ్లు, శనగగింజంత ఇటుకముక్కలు 1 పాలు, ఎర్రమట్టి 1 పాలు, బాగా మాగిన పశువుల ఎరువు 1 పాలు. బూడిద లేదు. చిల్లుల మీద దోమతెర ముక్క వేసి, చెట్టు ఊగకుండా కరెంటు తీగ ముక్కతో అడుగు చిల్లుల్లోంచి బిగించాను. వేళ్ల సందుల్లోకి మట్టి దిగేలా వెదురుపుల్లతో పొడిచాను. తర్వాత మూకుడును నీళ్లటబ్బులో బుడగలు ఆగేదాకా ఉంచాను.

కోదాడ ఇటుక మాత్రం తీయలేదు. ఒక మూల చిట్లింది. వేళ్లు దాని చుట్టూ బలపడి ఉన్నాయి, అదే ఇప్పుడు చెట్టుకు పీట.

ఎండిన కొమ్మలు తీసేసి మెట్ల కింద నీడన పెట్టాను. ఎండలో పెట్టకూడదు, ఎరువూ వేయకూడదు. బలం కదా అని ఎరువు పోస్తే కోసిన వేళ్లు మాడతాయి. రోజూ పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని, ఏమీ లేదు. 10 రోజులు, 15 రోజులు. మావారు ఓదార్పుగా, "పోనీలే, ఇంకోటి గోడ మీద మొలుస్తుందిగా" అన్నారు. ఆ ఇటుకతో సహా మొలుస్తుందా? ఆ పూట నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. 19వ రోజున, అన్నిటికన్నా కింది కణుపులో, సూదిమొనంత ఎర్రమొగ్గ!

నెలన్నర తర్వాత నానబెట్టిన పల్లిచెక్క నీళ్లు పలచగా పోశాను. ఇప్పుడు రెండుమూడేళ్లకోసారి వేళ్లు కోస్తున్నాను. కొమ్మలకు అసలు కత్తిరింపు శివరాత్రి వేళ, ఆకు రాలి చెట్టు నిద్రపోతున్నప్పుడు. ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి తీసేస్తాను. ఏ వైపు కొమ్మ కావాలో ఆ వైపు చూసే మొగ్గకు కాస్త పైన కోయాలి. వానాకాలంలో కొమ్మ ఆరాకులు వేస్తే రెండు ఉంచి తుంచుతాను. తీగచుట్టి వంచేది లేతప్పుడే, ముదిరితే రావి పుటుక్కున విరుగుతుంది. ఒక్క మాట ఉన్నదున్నట్టు చెబుతాను. రావి ఆకు ఎంత చేసినా మరీ చిన్నది కాదు. చిట్టి ఆకులు కావాలంటే జువ్వితో మొదలుపెట్టండి. నేను ఆ తోక ఉన్న ఆకు కోసం రావినే పట్టుకు వేలాడుతున్నాను.

2024 సెప్టెంబరులో సోమవతి అమావాస్య వచ్చింది. సోమవారం అమావాస్య వస్తే రావికి ప్రదక్షిణలు చేస్తారు కదా, అత్తమ్మ ఏళ్ల తరబడి గుడికి వెళ్లి 108 తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు గుడిదాకా వెళ్లనివ్వవు. పొద్దున్నే పిలిచి, "మేడ మీద దాన్ని వాకిట్లకు తే" అంది. ముగ్గు మీద పీట వేసి మూకుడు దించాను. నా భుజం పట్టుకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, నేను పల్లీలతో లెక్క. ఇరవయ్యో చుట్టులోనో, ఇరవై ఒకటిలోనో ఆగిపోయింది. కాళ్లు నొప్పేమో అనుకుని కుర్చీ తేబోయాను.

"కుర్చీ గాదు. ఈ దిక్కు కొమ్మ సూడు, ఎంత పొడుగైందో. అమావాస్య పోయినంక కత్తెర పెట్టు" అని, మళ్లీ నడక మొదలుపెట్టింది. ఆ మాటల్లో పడి నేను లెక్క మరిచిపోయాను. మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది.