దయ్యమా, మనిషా? ఎవరికి భయపడాలి?



యౌవనస్తుల కూడిక అయిపోయాక పిల్లలు సినిమాల గురించి వాదించుకుంటుంటే విన్నాం. హారర్ సినిమాలో చంపేది దయ్యమైతే ఎక్కువ భయమా, మనిషైతే ఎక్కువ భయమా అన్నది వాదన. దయ్యానికి తలుపులు అడ్డం రావు, పోలీసులు పట్టుకోలేరు, కాబట్టి దయ్యమే అన్నారు కొందరు. దయ్యం తెర మీదే ఉండిపోతుంది, మనిషైతే మన వీధిలోనే ఉంటాడు అన్నారు మిగతావాళ్లు. సినిమాల సంగతి పాస్టరుగారికెందుకని అనుకోకండి. ఇందులో మన ఊళ్లలోని ప్రాణాల సంగతి ఉంది.

పిల్లలకు తెలిసిన సినిమాలే చూద్దాం. 2009లో వచ్చిన 'అరుంధతి'లో పశుపతి ప్రేతమై పగబడతాడు. అయితే బతికున్నప్పుడే వాడు ఆడవాళ్లను చెరిచాడు, చంపాడు. చచ్చాక కొత్త దుర్మార్గమేమీ నేర్చుకోలేదు, పాతదే కొనసాగించాడు. 2019లో వచ్చిన 'రాక్షసుడు'లో రాక్షసుడెవరూ లేరు. బడిపిల్లల్ని చంపేది మామూలు మనిషే. హంతకుణ్ణి రాక్షసుడని పిలవడంలో మనకొక ఊరట ఉంది. వాడు మన జాతి కాదని చెప్పుకోవచ్చు.

2023లో వచ్చిన 'విరూపాక్ష' ఇంకా లోతుకు వెళ్తుంది. క్షుద్రపూజలు చేస్తున్నారని అనుమానించి ఊరివాళ్లే ఒక జంటను కాల్చి చంపుతారు. ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో జరిగే చావులకు మూలం ఆ మంటే. అక్కడ మొదట చంపింది దయ్యం కాదు, దయ్యానికి భయపడిన మనుషులు.

ఇది సినిమా కథేనని తీసిపారేయలేం. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. బాణామతి, చేతబడి అనే మాటలు మన తెలంగాణ పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. ఆ మాట ఎవరి మీద పడుతుందో కూడా మనకు తెలుసు. ఎక్కువగా వెనక ఎవరూ లేని వితంతువు మీద, ఒంటరి ముసలివాళ్ల మీద, పొలం గట్టు తగాదా ఉన్న పాలివాళ్ల మీద పడుతుంది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల వచ్చే రోడ్డు పొడవునా మర్రిచెట్లున్నాయి కదా. మర్రిచెట్టు అంటే దయ్యాలుంటాయని చిన్నపిల్లల్ని బెదిరించడం మనకు అలవాటే. కానీ ఫామ్‌హౌసుల్లో పని ముగించుకుని చీకటి పడ్డాక ఇంటికొచ్చే మన అక్కచెల్లెళ్లను అడగండి. వాళ్లు మర్రి ఊడలను చూసి వణకరు. పక్కనే వేగం తగ్గించిన బండిని చూసి వణుకుతారు.

వాక్యం కూడా ఇదే చూపిస్తుంది. బైబిలులో మొదటి హత్య ఆదికాండము 4లో ఉంది. పొలంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. చంపింది అన్న, చనిపోయింది తమ్ముడు. కారణం అసూయ. మార్కు 5లో సేన అనే దయ్యాలు ప్రభువు మాటకు లోబడి ఆ మనిషిని విడిచిపోయాయి. ఆ ప్రాంతపు మనుషులు మాత్రం మా ఊరు విడిచి పొమ్మని ఆయన్నే బతిమాలారు. చివరికి ఆయన్ని సిలువ వేసిన చేతులూ మనుషుల చేతులే.

"అయ్యగారూ, మన పోరాటం రక్తమాంసాలతో కాదని పౌలు ఎఫెసీయులకు రాశాడు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, సాతాను ఉన్నాడు. అందుకే పక్కింటి మనిషి మన శత్రువు కాదని గుర్తుంచుకోవాలి. పక్కింటామె మీదికి కర్ర ఎత్తడానికి ఆ వాక్యాన్ని వాడుకుంటే దాన్ని తలకిందులు చేసినట్టే. సాతాను యూదాలో ప్రవేశించాడని యోహాను రాశాడు. కానీ అంతకుముందే యూదా డబ్బు సంచిలోంచి దొంగిలిస్తున్నాడని కూడా ఆయనే రాశాడు. తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

అందుకే పిల్లలకు మా జవాబు, మనిషే ఎక్కువ భయంకరం. అయితే అక్కడితో ఆగితే మళ్లీ "ఆ మనిషి" అని వేలెత్తి చూపిస్తాం. తన సహోదరుణ్ణి ద్వేషించేవాడు నరహంతకుడేనని యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతోంది. అది చదివాక వేలు మన వైపే తిరగాలి.

ప్రియులారా, ఇంట్లో బిడ్డకు జ్వరం తగ్గకపోతే ప్రార్థన చేయండి, ఆస్పత్రికీ తీసుకెళ్లండి. "ఎవరో చేశారు" అనే మాట ఇంట్లోకి రానివ్వకండి. ఫలానావాళ్లే చేశారని పేరు చెప్పే ప్రార్థనలకు వెళ్లకండి, అది చెప్పేది దైవసేవకుడైనా సరే. మా దగ్గరకు వస్తే చేతులుంచి ప్రార్థిస్తాం, మీతోపాటు డాక్టరు దగ్గరకూ వస్తాం. పేరు మాత్రం చెప్పం. ఎవరింటి మీదికైనా నలుగురు గుమికూడి వెళ్తున్నారని తెలిస్తే రాత్రయినా సరే మాకూ పోలీసులకూ ఫోన్ చేయండి. ఆ ఇంటి గుమ్మం ముందు మొదట నిలబడాల్సింది సంఘమే.

ప్రార్థన: ప్రభువా, చీకటికి భయపడే మా పిల్లలకు ధైర్యమివ్వండి. మా హృదయంలోని ద్వేషాన్ని మాకు చూపించి కడగండి. మా ఊళ్లలో అనుమానంతో ఒక్క ప్రాణం కూడా పోకుండా కాపాడండి. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమెన్.