ఊపిరిలో రాతిపొడి

ఇసుక తుపాను అనగానే మనకు రాజస్థాన్ స్ఫురిస్తుంది. ఐక్యరాజ్యసమితి జూలై 12ను వాటి నివారణకై ప్రత్యేక దినంగా ప్రకటించింది. మా నర్సీపట్నంలో అంతటి తుపానును నేను చూడలేదు. రాతి లారీలు తిరిగే దారుల వెంట చెట్ల ఆకులు తెల్లబడటం మాత్రం ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగా క్రషర్‌లో పనిచేసే ఒకాయన ఆయాసంతో, పొడిదగ్గుతో వచ్చాడు. అప్పటికే రెండుమార్లు క్షయకు మందులు వాడాడు. కళ్ళె పరీక్షలో క్రిములు ఎన్నడూ కనబడలేదు. మూడోమారు నేనూ అవే వ్రాయబోయాను. అతని భార్య, "డాక్టరు బాబూ, ఈయన సొక్కా దులిపితే రాయిపొడే రాలతాది" అన్నది. ఏం పని, ఎన్నేళ్లుగా అని అడగాలని అప్పటికిగాని నాకు తోచలేదు.

అది సిలికోసిస్. కంటికి కనబడని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి, కణజాలాన్ని మచ్చలుగా బిగిస్తాయి. ఆ మచ్చ మానదు. పైగా అటువంటి ఊపిరితిత్తులను క్షయ సులువుగా ఆక్రమిస్తుంది. మేము పొరబడేదీ అందుకే. అప్పట్లో అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం చూసిన వైద్యుడు ఈ వ్యాధిని తనిఖీ అధికారికి తెలియజేయవలసి ఉండేది. పని పోతుందని అతడు బతిమాలాడు. నేను వ్రాయలేదు.

ముఖానికి చుట్టిన తువాలు ఈ రేణువులను ఆపలేదు. నీటిజల్లుతో పొడిని పుట్టినచోటే అణచాలి. మీ ఇంట క్వారీ పనివారుంటే, దగ్గుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు వైద్యుడు అడగకపోయినా చేసే పనేమిటో, ఎన్నేళ్లుగానో మీరే చెప్పండి.