పేర్లు మాయమైన చిట్టా

మా నాన్నగారు చీపురుపల్లిలో చాలాకాలం డీటీపీ పని చేశారు. శుభలేఖలు, కరపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల కాగితాలూ ఆయన చేతిమీదుగానే అచ్చుకు వెళ్లేవి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. దుకాణం మూసి కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నారు. అది పాడైపోతే 2019లో నేను కొత్తది కొనిపెట్టాను. దానిలో కూడా తన పాత పేజ్‌మేకర్‌ను, తన పాత తెలుగు ఫాంట్లను ఎక్కించుకునేదాకా ఆయనకు నిద్ర పట్టలేదు.

గత జూలైలో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆఖరి రోజుల్లో నాతో ఒకటికి రెండుసార్లు అన్నమాట ఇది: "ఇవ్వవలసినవన్నీ కంప్యూటరులో రాసిపెట్టాను బాబూ. చూసి తీర్చెయ్యి." జనాజా నమాజుకు ముందు నేను నిలబడి, మా నాన్నగారు ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగవలసిందని ప్రకటించాను. ముగ్గురు వచ్చారు. ఆ వారంలోనే ముగ్గురికీ ఇచ్చేశాను. దాంతో మనసు తేలికపడింది. ఆయన కూర్చునే కుర్చీలో కూర్చుని ఆ యంత్రాన్ని తెరవడానికి చెయ్యి రాక, చిట్టా సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోతాయని మా అమ్మాయి గుర్తుచేసింది. "బ్యాంకు పనులు కూడా దీనిలోనే చేస్తున్నారు కదా అబ్బా, మార్చేద్దాం" అంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. మా కంప్యూటరు అది లేదని మొరాయించింది. నిజానికి ఉంది, బయోస్‌లో దాన్ని ఆపి ఉంచారంతే. అది కనిపెట్టి తిప్పేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ గర్వంలో ఉండగానే అసలు ప్రశ్న వచ్చింది: ఫైళ్లూ ప్రోగ్రాములూ రెండూ ఉంచాలా, సొంత ఫైళ్లు మాత్రమే ఉంచాలా, ఏమీ వద్దా? యంత్రం తేలికపడుతుందని రెండోది నొక్కాను. నాలుగో రోజున డిస్కు నిండిపోతోందని హెచ్చరిక వచ్చింది. 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డరు పెద్దదిగా కనిపించింది. అది పాత వ్యవస్థ తాలూకు ప్రతి. వెనక్కి వెళ్లదలచుకున్నవారి కోసం పది రోజులు ఉంచి, ఆ తర్వాత కంప్యూటరే తీసేస్తుంది. అన్ని రోజులు ఆగే ఓపిక నాకు లేకపోయింది. నా చేత్తో నేనే తుడిచేశాను. నాన్నగారి ఫాంట్లు దానితోపాటే పోయాయని అప్పటికి నాకు తెలియదు.

శబ్దం రాకపోవడం, ప్రింటరు పలకకపోవడం వంటి చిన్న తగాదాలు కొత్త డ్రైవర్లు వేస్తే సర్దుకున్నాయి. వాటిని విస్తరించను.

చిట్టా తెరిచినప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. బీరువాలోని పేజ్‌మేకర్ సీడీ పనిచేసింది. తెలుగు సాఫ్ట్‌వేరు సీడీ గీతలు పడి చదవడానికి వీల్లేకపోయింది. ఫాంటు దొరకలేదు, వేరేది పెట్టమంటారా అని పేజ్‌మేకర్ అడిగింది. సరేనన్నాను. తెర మీద పదకొండు వరుసలు కనిపించాయి. ఒక్క పేరూ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు మోసే ఐరోపా అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. 18,000. 6,500. 2,300. 1,400. ఎంత ఇవ్వాలో తెలుస్తోంది, ఎవరికివ్వాలో తెలియడం లేదు.

ఇలా ఎందుకయిందో ఆ వారంలో నేర్చుకున్నాను. అచ్చుపనిలో వాడిన పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరానికంటూ సొంత స్థానం లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలోనే తెలుగు రూపాలను, ఒత్తులను, గుణింతపు గుర్తులను కూర్చోబెట్టేవారు. ఫైలులో నిలిచేది ఇంగ్లీషు అక్షరమే. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు పోతే వేషం పోతుంది. యూనికోడ్ పద్ధతి అది కాదు. 1991లోనే అందులో తెలుగుకు విడిగా చోటిచ్చారు. అక్కడ 'క' సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా ఆ సంఖ్యకు అర్థం 'క' ఒక్కటే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కాని పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. కాబట్టి మా నాన్నగారివంటి వారందరూ పాత పద్ధతిలోనే ఉండిపోయారు. రాతను మార్చే పనిముట్లు ఇంటర్నెట్టులో ఉన్నాయి, అందులో వేసి చూద్దామని అమ్మాయి అంది. నేను ఒప్పుకోలేదు. అవసరానికి గుట్టుగా ఆదుకున్నవారి పేర్లవి. ఎవరిదో తెలియని చోట వాటిని పడేయడానికి మనసొప్పలేదు.

రుణాన్ని రాసిపెట్టుకోమని చెప్పే బఖరా సూరాలోని 282వ ఆయతు ఖురానులోకెల్లా పొడవైనది. మా నాన్నగారు రాసిపెట్టారు. చదవలేని స్థితికి తెచ్చింది నేను. దీనికితోడు ఆయన వదిలివెళ్లిన దుకాణపు గది వాటాల మాట ఉంది. వీలునామా, అప్పులు తీరిన తర్వాతే పంపకమని నిసా సూరా 11, 12 ఆయతులు చెబుతున్నాయి. "ఇంకెన్నాళ్లు భాయీ?" అని చెల్లెలు ఫోనులో అడిగినప్పుడు, తప్పు నాదని చెప్పలేక కంప్యూటరు పాడైందన్నాను.

అమ్మ అప్పటికి ఇద్దతులో ఉంది. ఆమె దగ్గర కూర్చుని అంకెలు చదివాను. మూడు అంకెలు నేను తీర్చినవే. మిగిలిన ఎనిమిదింటిలో రెండింటిని ఆమె గుర్తుపట్టింది. "ఆరువేల అయిదువందలు విజయనగరం కాగితం కొట్టాయనవే అయ్యుంటాయి" అంది. ఆ సొమ్ము ఆయనకు పంపబోయి, 'అయ్యుంటాయి' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

రాజాంలో నాన్నగారి దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఉన్నాడు. ఒక ఆదివారం పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బస్సెక్కాను. ఆయన కొట్టులో ఒక మూల, గుడ్డ కప్పి, విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత కంప్యూటరు ఉంది. "గురువుగారి ఫైళ్లా? తెండి" అని తీసుకున్నాడు. ఫైలు తెరుచుకోగానే పేజీ నిలువునా తెలుగు. నాన్నగారు శుభలేఖల్లో పేర్లకు వాడే ఆ లావుపాటి అక్షరాలే. ఆయన మర్యాదగా లేచి టీ తెస్తానని బయటికి వెళ్లాడు.

ఆరువేల అయిదువందలు కాగితం కొట్టాయనవి కావు. మా వీధి చివరి ఇంటి వితంతువు కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము. ఎదురుగా 'అమానతు' అని ఉంది. ఆమె జనాజా రోజున మా గుమ్మంలో చాలాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కింద మరో పట్టిక ఉంది, ఆయనకు ఇతరులు ఇవ్వవలసినవి. అన్నింటి పక్కనా 'మాఫీ' అని రాసి ఉంది.

అక్కడే కాగితం మీద తీయించుకున్నాను. పీడీఎఫ్ కూడా చేయించుకున్నాను. అందులో ఫాంటు ఫైలులోనే పొదిగి ఉంటుంది కనుక ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఇంటికొచ్చాక పదకొండు వరుసలనూ యూనికోడ్‌లో నేనే టైపు చేసి, ఒక ప్రతి పెన్‌డ్రైవులోను, మరొకటి చెల్లెలి ఫోనులోను ఉంచాను. జరిగిందేమిటో ఆమెకు అప్పుడు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పేర్లు దొరికాయి కదా" అంది.

ఏడు బాకీలు తీరాయి. ఎనిమిదో వరుస రాజాంలో తెలుగులోకి మారినా పూర్తిగా తెలియలేదు. అక్కడ పేరు లేదు. 'స్టేషను గేటు, పూల మామ్మ – 1,400' అని మాత్రమే ఉంది. అమ్మకు గుర్తొచ్చింది. ఒక రాత్రి తనకు ఆయాసం ఎక్కువై విజయనగరం తీసుకువెళుతుంటే నాన్నగారు డబ్బుల సంచి ఇంట్లో మరచిపోయారట. రైలు వచ్చేవేళకు ఆ పూల మామ్మ నడుముకు కట్టుకున్న చిక్కంలో ఉన్నదంతా తీసి చేతిలో పెట్టిందట. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆమె కనిపించలేదట.

స్టేషను దగ్గర టీ కొట్టతన్ని అడిగాను. మామ్మ కూతురి దగ్గరకు, పొందూరుకు వెళ్లిపోయిందన్నాడు. పేరు అతనికీ తెలియదు. పద్నాలుగు వందలు కవరులో పెట్టాను. వచ్చే ఆదివారం అమ్మ కూడా వస్తానంటోంది. మనిషిని చూస్తే గుర్తుపడతానంటోంది.