చీకట్లో రాదన్నాను

మా ఇంట్లో ఫోటోలకు కరువు లేదు. అమ్మా నాయినా పెళ్ళయిన కొత్తలో కరీంనగర్ స్టూడియోలో బిగుసుకుని నిలబడి తీయించుకున్నది మొదలు మా అమ్మాయి డిగ్రీ పట్టా దాకా అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. పందొమ్మిదేళ్ళు మా అందరికీ అన్నం పెట్టిన టాక్సీ ఫోటో.

నాయిన వర్లీలో మిల్లు కార్మికుడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో మొదలైన సమ్మె సంగతి బొంబాయి తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. రోడ్డున పడ్డ రెండున్నర లక్షల మందిలో ఆయనొకరు. మగ్గం మీది చేతులు స్టీరింగు పట్టాయి. మొదట ఒకరి బండి మీద రాత్రి పాళీ చేశారు. 1990లో సొంతంగా ప్రీమియర్ పద్మిని కొన్నారు. కుర్లా కర్మాగారంలో తయారైన బండి. కింద నలుపు, పైకప్పు పసుపు, ఎడమవైపు బయట ఇనుప మీటరు. ఆయన ఇల్లు చేరేసరికి నేను కాలేజీకి బయలుదేరేవాణ్ణి. చాలా రోజులు మేం కలుసుకున్నది చాల్ మెట్ల మీదే.

బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాశాను. నాయిన దింపుతానంటే, బ్యాంకుకు రెండు వీధుల ముందే దిగిపోయేవాణ్ణి. ఆయన కారణం అడగలేదు.

1995లో నా పెళ్ళి. ముహూర్తం రాత్రిపూట. నాయిన స్నేహితులు టాక్సీని బంతిపూలతో పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు. ఫోటోగ్రాఫరు స్టాండు తెచ్చి, "బండి ముందర నిలబడండి, రెండు సెకన్లు కదలకపోతే చాలు" అన్నాడు. నా బ్యాంకు మిత్రులు అక్కడే ఉన్నారు. "వద్దులే, నల్లబండి చీకట్లో రాదు" అన్నాను. నాయిన తెరిచి పట్టుకున్న తలుపు మెల్లగా మూశారు. 2009లో బండి పాతసామాన్ల వాడికి వెళ్ళిపోయింది. మా లెక్కల భాషలో చెప్పాలంటే, తరుగుదల పోను మిగిలింది తుక్కు విలువ.

బొంబాయి టాక్సీలకు ఇరవై ఏళ్ళ వయోపరిమితి ఉంది. చివరి పద్మిని టాక్సీ రిజిస్టరయింది 2003 అక్టోబరు 29న. అంటే 2023 అక్టోబరు చివరికి వాటి కథ ముగిసింది. ఆ వార్త చదివి వినిపిస్తే, ఎనభై దాటిన నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మరునాడే నేను అమ్మాయి కెమెరా తీసుకుని బయలుదేరాను. నాయినతోపాటు టాక్సీ నడిపినాయన కొడుకు దగ్గర ఒక పద్మిని ఉంది. పర్మిటు తీరిపోయి గ్యారేజీ ముందు నిలబడి ఉంది.

మొదటి రాత్రి ఫ్లాష్ వేసి తీశాను. నంబరు ప్లేటూ బంపరూ తళుక్కుమన్నాయి, తక్కిన బండి చీకట్లో కలిసిపోయింది. మర్నాడు అమ్మాయి వెంట వచ్చింది. నాయిన కూడా వస్తానన్నారు.

"నల్లరంగు వెలుగును మింగేస్తుంది నాన్నా. చుట్టూ ఉన్న దీపాలు దాని ఒంటిమీద గీతల్లా పడితేనే ఆకారం తెలుస్తుంది" అంది అమ్మాయి. నలుగురం కలిసి బండిని నాలుగడుగులు తోశాం. పాన్ దుకాణం ట్యూబులైటు బానెట్ అంచు పొడుగునా తెల్లగా సాగింది. గ్యారేజీ కుర్రాడు ముందు రోడ్డుమీద బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. వీధిదీపాలన్నీ కిందికి దిగివచ్చాయి. హెడ్‌లైట్లు వేస్తే ఫోటో అక్కడ కాలిపోయినట్టు వస్తుందని చిన్న దీపాలు మాత్రం వెలిగించాం.

వేళ కూడా చూసుకోవాలట. పొద్దు గుంకిన ఇరవై నిమిషాలకు ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, దీపాలూ వెలిగి ఉంటాయి. ఆ కాసేపూ రెండు వెలుగులూ సరితూగుతాయి. తర్వాత ఆకాశం కూడా నల్లబడి బండి అంచు దొరకదు. ఇంకో చిక్కుంది. నల్లటి వస్తువు ఎదురుగా ఉంటే కెమెరా వెలుగు తక్కువైందని భ్రమపడి దాన్ని బూడిదరంగు చేస్తుంది. అందుకని అది చెప్పినదానికంటే కాస్త తగ్గించాలి.

కెమెరాను స్టాండుకు బిగించి, ఐఎస్‌ఓ 200, ఎఫ్ 8 పెట్టి, నాలుగు సెకన్లు తెరిచి ఉంచింది. బండి అద్దంలా వచ్చింది. దారినపోయేవాళ్ళు మాయమయ్యారు, పోయిన కార్లు ఎర్రగీతలయ్యాయి. స్టీరింగు ముందు కూచున్న నాయిన కూడా పొగలా చెదిరిపోయారు. ఆయన చేతులు ఇప్పుడు నాలుగు సెకన్లు కుదురుగా ఉండవు.

అమ్మాయి ఐఎస్‌ఓ 1600కు పెంచింది, ఎఫ్ 4కు తెరిచింది. నాలుగు సెకన్లు కాస్తా సెకనులో ఎనిమిదో వంతయింది. అప్పు ఊరికే పుట్టదు గదా. వడ్డీ కింద బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది, వెనక గోడ మసకబారుతుంది. కానీ నాయిన ముఖం తెలిసింది.

ఆయన కెమెరా తెరను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశారు.

"చీకట్ల మంచిగనే వచ్చిందిరా."

"వచ్చింది నాయినా."

"ఆ దినం గూడ వచ్చునా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట ఆయన మరిచిపోయారనుకున్నాను. అమ్మాయికి అర్థంకాక మా ఇద్దరినీ చూసింది.

"వచ్చేది నాయినా. నేనే వద్దన్నా."

ఆయన పక్కసీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచారు. "వచ్చి కూసో" అన్నారు.

ఆ రెండో ఫోటోయే ఇప్పుడు మా గోడమీద ఉంది. అంతా గింజలే. నాయిన కదలకుండా కూచున్నారు. నేనే చెదిరిపోయాను.