కానరాని డిస్కు

అనంతపురపు మెట్టసీమలో వేసవి పగళ్లు దీర్ఘములు. పది గంటలు దాటిన పిమ్మట వీథిని తిరుగువారు అరుదు. అట్టి దినములలో మేము కొందఱము పాఠశాల కంప్యూటరు గదిలో కాలము గడపుట కలదు. ఈ యేడు అచ్చట మాకు తటస్థించిన పని యొకటి తల్లిదండ్రులకును తమ్ములకును తెలియదగినదని తోచి వ్రాయుచున్నాము.

మా పూర్వవిద్యార్థి యొకడు, కల్యాణదుర్గము వైపు పల్లెవాడు, తన ల్యాప్‌టాపును తెచ్చెను. వేరుసెనగ పండిన యేట తండ్రి కొనియిచ్చినది. అందలి విండోసు చెడి, తెఱ నీలివర్ణమున నిలిచిపోవుచుండెను. అతని మూడేండ్ల పాఠములును, చివరి యేటి ప్రాజెక్టు వ్రాతయు దానిలోనే యున్నవి. నకలు వేఱొకచోట లేదు. డిస్కు పోయినది, క్రొత్తది వేయవలెనని దుకాణమువాడు చెప్పెనట. క్రొత్తది వేసినచో పాత వ్రాతల గతి యేమి?

మేము పెన్‌డ్రైవునుండి విండోసు స్థాపనమును మొదలిడి చూచితిమి. డిస్కు నెంచుకొను చోట పట్టిక శూన్యముగా నుండెను. దుకాణమువాని తీర్పునకు మూల మిదియే కాబోలు. అయినను ఫర్మువేరు పుటలో ఆ డిస్కు పేరును పరిమాణమును స్పష్టముగా కనబడుచుండెను.

డిస్కునకును ఆపరేటింగు సిస్టమునకును నడుమ కంట్రోలరు అనునది యుండును. చెరువు నిండియున్నను తూము తీయనిదే మడికి నీరు పాఱదు. బుక్కరాయసముద్రము పిల్లలకు ఈ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు. 2020లో వెలువడిన ఇంటెలు 11వ తరము ప్రాసెసర్లు గల ల్యాప్‌టాపులలో పెక్కింట విఎండి అను కంట్రోలరు ఎన్‌విఎంఇ డిస్కును తన చాటున నుంచుకొనును. దానితో మాటాడ నేర్చిన డ్రైవరు లేనిచో డిస్కు ఉండియు లేనట్లే. విఎండిని ఆపు ఏర్పాటు కొన్ని యంత్రముల ఫర్మువేరులో కలదు. ఈ యంత్రమున లేదు. ఉన్నచోట సైతము తొందరపడి మార్చరాదు. ఒక స్థితిలో స్థాపింపబడిన విండోసు రెండవ స్థితిలో తన డిస్కును తానే గుర్తింపలేక ఆరంభమందే ఆగిపోవచ్చును.

ఫర్మువేరు ఒప్పుకొననిదానిని డ్రైవరు సాధించుట క్రొత్త కాదు. విండోసు ఎక్స్‌పి దినములలో ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీనుండి డ్రైవరు నందించెడివారు. అయితే డ్రైవరే లేనిచోట ఈ యుపాయము సాగదు. 2016లో లెనోవో యోగా 900 యందు లినక్సు స్థాపింప నెంచినవారికి డిస్కు కనబడలేదు. తుదకు ఆ సంస్థయే క్రొత్త ఫర్మువేరు నీయవలసివచ్చెను.

విఎండి డ్రైవరు మాత్రము ఆ 2016లోనే లినక్సు 4.5లో చేరినది. కావున మేము మొదట ఉబుంటును పెన్‌డ్రైవునుండియే నడిపితిమి. డిస్కు వెంటనే కానవచ్చెను! కాని అది బిట్‌లాకరుచే మూయబడియుండెను. దానిని తెఱచుటకు 48 అంకెల సంఖ్య కావలెను. అదృష్టవశమున అది అతని మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రముగా నుండెను. తల్లిదండ్రులారా, ఈ సంఖ్యను మీ పిల్లలచేత నేడే కాగితముపై వ్రాయించి పొలము పత్రములతోపాటు దాచుడు. అది లేనిచో మా శ్రమ యంతయు వ్యర్థమై యుండెడిది.

వ్రాతల నన్నిటిని వేఱొక డిస్కునకు ఎక్కించి, ప్రాజెక్టు పత్రమును అతనిచేత తెఱపించి చూచిన పిమ్మటనే విండోసును మరల ముట్టితిమి. ఇంటెలు వారి డ్రైవరును దించి, కట్టను విప్పి, ఐఎన్‌ఎఫ్ దస్త్రము గల సంచయమును పెన్‌డ్రైవులో నుంచితిమి. కట్టను విప్పక అట్లే యుంచినచో స్థాపనము దానిని గ్రహింపదు. 'లోడ్ డ్రైవర్' అనుదానిని నొక్కి ఆ సంచయమును చూపగా, శూన్యమైన పట్టికలో డిస్కు భాగములు వరుసగా నిలిచెను. తక్కిన పని గంటలోపల ముగిసెను.

మఱునాడు తండ్రి స్వయముగా వచ్చెను. క్రొత్త డిస్కునకై తెచ్చిన పైకము విత్తనములకు సరిపోవునని మాస్టరుగారితో చెప్పి, ల్యాప్‌టాపును తువాలలో చుట్టుకొని మధ్యాహ్నపు బస్సునకు వెడలెను.