దుందుభి వెంట రాసిన ఉత్తరాలు

మహబూబ్‌నగర్

మామయ్యా,

తెనాలిలో కూర్చుంటే కృష్ణ అంటే మనకు ఆనకట్టా, కాలువలూ. ఇక్కడ ముందు కనిపించేది రాతినేల. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది నెలల్లోనే కురిసి పోతుంది. ఆ నీరు వాగుల్లో పడి దుందుభి నదికి చేరుతుంది. దిగువన డిండి పేరుతో పారి, నల్లగొండ జిల్లా అంచున కృష్ణలో కలుస్తుంది. వేసవిలో ఏటినిండా ఇసుకే. ఆ ఇసుకనూ లారీలకెత్తితే ఒడ్డు బావులు ఎండుతాయి. అందుకే ఇసుక తవ్వకాలపై ఊళ్ల అభ్యంతరం సబబైనదే. కానీ ఏటి ఒడ్డున కాపలా పెట్టినంత మాత్రాన ఏరు దక్కదు. వాన పడే చెలకలోనే దాని రక్షణ మొదలుకావాలి, ఆ చెలక మీద బతికేవాళ్ల చేతిలో లెక్కా అధికారమూ ఉండాలి.

పల్లెవాళ్లే కదా పోటీపడి బోర్లు వేసి నేలను పిండేశారు, వాళ్ల చేతికే ఎలా ఇస్తామని మీరు అడుగుతారు. నిజమే, వేశారు. గ్రానైట్ పగుళ్లలో ఉన్న కొద్దిపాటి నీరు ఎవరికి ముందు తగిలితే వారిదన్నప్పుడు పక్కవాడికంటే లోతుకు పోవడమే తెలివైన పని అవుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది, కానీ కాగితం బోరుబండిని ఆపలేదు. దానికి భిన్నమైన ప్రయత్నం 2003 నుంచి 2009 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో జరిగింది. మహబూబ్‌నగర్, నల్లగొండ అందులో ఉన్నాయి. రైతులే వానను కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు. వానాకాలం వెళ్లాక భూమిలో మిగిలిందెంత, యాసంగికి కావలసిందెంత అన్న లెక్క ఊరందరి ముందూ పెట్టారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. లెక్క దాచి దండించే చట్టం చేయలేనిది, లెక్క చేతికిస్తే జరిగింది. ఇంటికి బడ్జెట్ వేసుకునే మనిషి నీటికి వేసుకోలేడా?

మన్ననూరు

ఇక్కడినుంచి నల్లమల అడవి. వాగులు కొన్ని డిండి వైపు, కొన్ని సూటిగా కృష్ణలోకి దిగుతాయి. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. చెంచుల ఆవాసాలైన పెంటలు, అమ్రాబాద్, పదర ఊళ్లు ఎదురు లేచాయి. ఆ తర్వాతే నగరంలో విద్యార్థులు, రచయితలు, సినిమావాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది.

నిరసనకారులకు ఎదురుగా రెండు వాదాలున్నాయి. మొదటిది, ఇది అన్వేషణే గాని తవ్వకం కాదన్నది. కానీ వేల బోర్లకు యంత్రాలు కావాలి, యంత్రాలకు దారులు కావాలి, దారులకు చెట్లు పడాలి. ఇక్కడ యురేనియం గ్రానైట్ మీద పరుచుకున్న క్వార్ట్‌జైట్ పొరల హద్దులో దొరుకుతుంది. అక్కడికి చేరాలంటే నీటిని నిలిపే పొరలనే తొలవాలి. ఇంత ఖర్చు పెట్టి వెతికేది దొరికితే వదిలేయడానికీ కాదు. రెండో వాదం బరువైనది: దేశానికి కరెంటు కావాలి, బొగ్గు కంటే అణువిద్యుత్తు మేలు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. అయితే దేశపు విద్యుత్తులో అణుశక్తి వాటా మూడు శాతం దగ్గరే ఉంది, యురేనియం కజకిస్థాన్, కెనడాల నుంచి కొనుక్కునే వీలూ ఉంది. ఈ వాగులు దిగే కృష్ణ మీది నాగార్జునసాగర్ నీరు హైదరాబాద్ తాగుతోంది, మన కాలువలూ తాగుతున్నాయి. ఆ నీటికి బదులు ఎక్కడ కొంటాం?

దేవరకొండ

సాగర్ అంచునే ఉన్న పెద్దగట్టు, లంబాపురాల్లో ఇదే యురేనియం వివాదం 2003లోనే బహిరంగ విచారణ దాకా వచ్చింది. నల్లమలవాళ్లకు ముందు దారి చూపింది ఈ తండాలే. ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ బాధ పాతది. బోరు లోతుకు దిగేకొద్దీ నీటిలో విషం పెరగొచ్చన్న సంగతి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎత్తిపోతల పథకాలు వచ్చాక వాగుల గోల ఎందుకన్నది మిగిలిన ప్రశ్న. కల్వకుర్తి పథకం పొలాల్ని తడిపింది, వలసలకు పేరుపడ్డ పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాకు అది చిన్న మేలు కాదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన జరిగింది. కానీ ఈ రెండూ తోడేది శ్రీశైలం నుంచే. ఎగువన వాన లేని ఏడాది పంపులకు అందేదేముంటుంది? పంపు నీటిని మోస్తుంది, పుట్టించలేదు.

యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా శాసనసభ చేసిన తీర్మానం మంచిదే. అణుఖనిజాల మీద అధికారం మాత్రం కేంద్రానిది. నిలబడగల ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్: నీటివనరులనూ పరీవాహక ప్రాంతాన్నీ కాపాడే అధికారం అది గ్రామసభకు ఇచ్చింది. మన రైతు సంఘంలో మీ మాట చెల్లుతుంది. కాలువలకు నీళ్లెప్పుడని అడిగే సమావేశంలోనే, అమ్రాబాద్ గ్రామసభల సమ్మతి లేకుండా అక్కడ ఒక్క బోరు కూడా దిగరాదని తీర్మానం పెట్టించండి.