ఒళ్ళుంటే రక్తమున్నట్టేనా?

"గింత ఒళ్ళున్నంక రక్తం తక్కువేంది మేడమ్?" అత్తాపూర్‌లో నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు పాడే పాటే ఇది. వాళ్ళు ఊరుకున్నా భర్తలు ఊరుకోరు: "తిండికేం తక్కువ చేస్తలేం." నిజమే, తెల్లన్నానికీ బిస్కెట్లకూ తక్కువ లేదు. తిన్న వెంటనే తాగే చాయ్‌కి అసలే లేదు. ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వనిది ఆ చాయే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతానికి రక్తహీనత, 30.1 శాతానికి అధిక బరువు. రెండూ ఉన్నవాళ్ళే నా ఓపీలో కూర్చుంటారు. కొవ్వు పెరిగితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. అప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. పేగుల్లోంచి ఇనుము రక్తంలోకి వెళ్ళే దారిని అది మూసేస్తుంది. అంటే ఒళ్ళే రక్తానికి అడ్డం పడుతోందన్నమాట. ఎవరు నమ్ముతారు?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ చేసే అలాంటి ఒకామె మొన్న ఫుల్ బాడీ ప్యాకేజీ రిపోర్టు పట్టుకొచ్చింది. కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువుందని ఎర్రగీత. కొడుకు ఫోన్‌లో వెతికి, దాన్ని తగ్గిస్తుందట, ఓ పౌడర్ డబ్బా తెప్పించాడు. ఆ హార్మోన్ మామూలుగా పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. రాత్రంతా మేలుకునే మనిషికి ఆ గడియారమే తారుమారు. ఎప్పుడో సాయంత్రం రక్తమిచ్చి, రాత్రి నిద్రపోయేవాళ్ళ లెక్కతో పోల్చుకుని భయపడితే ఏం చెప్పను? పౌడర్‌కు డబ్బులున్నాయి. అంతకుముందు నేను రాసిన ఐరన్ గోలీలు మాత్రం నాలుగు రోజులకే బంద్. "నల్లగ పోతుంది మేడమ్, భయమైంది." నల్లగా పోతుందని ముందే చెప్పానమ్మా!

కోపం వచ్చింది. ఆమె దినచర్య విన్నాక కోపం నిలవలేదు. తెల్లారి ఇల్లు చేరి పిల్లల బాక్సులు కట్టి, అత్తమ్మకు టిఫిన్ పెట్టి, అందరూ తిన్నాక మిగిలింది తిని, మూడు గంటలు పడుకుంటుంది. నిద్రలేమి ఆకలిని పెంచుతుంది, కార్టిసాల్ కొవ్వును పొట్ట దగ్గర చేరుస్తుంది. దీనికి గోలీ లేదు.

ఐరన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నాను. అలా అయితే ఇంకా బాగా పడుతుంది. చాయ్ గంట ఆగి తాగమన్నాను. పప్పులో నిమ్మరసం, గుప్పెడు పల్లీలు, వారానికి రెండుసార్లు రాగిసంకటి చెప్పాను. పౌడర్ పక్కన పెట్టించాను. తర్వాత వెంట వచ్చిన భర్త వైపు తిరిగి, "పిల్లల బాక్సులు మీరు కట్టొచ్చుగా" అన్నాను.

ఆయన నోరు తెరవకముందే ఆమే అందుకుంది: "ఆయనకు డ్యూటీ ఉంటది మేడమ్."